పొరుగు జీవి ఇచ్చిన కవచం

జిగట విరేచనాలను కలిగించే సూక్ష్మజీవిని 1897లో జపాను శాస్త్రజ్ఞుడు కియోషి షిగా కనుగొన్నాడు. అతని పేరు మీదుగానే దానికి షిగెల్లా అనే పేరు వచ్చినది. మందులను ఎదిరించే శక్తి ఒక జాతి బాక్టీరియా నుండి మరొక జాతికి చేతులు మారగలదన్న సంగతి బయటపడినది కూడ ఆ దేశంలోనే, ఆ సూక్ష్మజీవి మూలంగానే.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జపానులో ఈ వ్యాధికి సల్ఫా మందులు విరివిగా వాడారు. మొదట మంచి గుణం కనిపించినది. కొద్ది సంవత్సరాలలోనే రోగుల నుండి తీసిన షిగెల్లాలలో అత్యధిక భాగం సల్ఫాకు లొంగకుండా పోయినవి. ఇందులో వింత లేదు. కోట్లకొలది బాక్టీరియాలలో ఏ ఒక్కదానిలోనో అనువంశిక లక్షణం యాదృచ్ఛికంగా మారుతుంది. మందు తక్కినవాటిని చంపగా, మిగిలిన ఆ ఒక్కదాని సంతతే పెరుగుతుంది. వైద్యులు స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్‌లను చేపట్టారు. (టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదయిన ఆరియోమైసిన్ మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాల నుండి 1948లో వెలువడినది.)

1955లో హాంగ్‌కాంగ్ నుండి జపానుకు తిరిగివచ్చిన ఒక రోగిలో, ఈ మూడింటికీ సల్ఫాకూ, అనగా నాలుగు మందులకూ లొంగని షిగెల్లా కనిపించినది. తరువాత అటువంటివి పలుచోట్ల తలెత్తాయి.

ఇక్కడ పాత లెక్క కుదరలేదు. ఒక మందును తట్టుకొనే మార్పు కోటి జీవులలో ఒకదానికి కలుగుతుందనుకొందాం. నాలుగు మార్పులూ ఒకే జీవిలో ఒకేసారి కలగాలంటే ఒకటి పక్కన 28 సున్నలు పెట్టినన్ని జీవులు కావాలి. ఒక మనిషి ప్రేగులలో అన్ని ఎక్కడివి? పైగా ఒకే రోగిలో మందులకు లొంగే షిగెల్లా, లొంగని షిగెల్లా రెండూ ఉండేవి. క్లోరాంఫెనికాల్ ఒక్కటే ఇచ్చినా నాలుగింటికీ లొంగనివి బయటపడేవి. అన్నిటికంటె చిత్రం, ఆ రోగుల ప్రేగులలో సహజంగా నివసించే కోలి బాక్టీరియాలు కూడ ఆ నాలుగు మందులనే తట్టుకొంటున్నాయి.

1959లో ఒచియాయి బృందం, అకిబా బృందం వేరువేరుగా ఒక సులభమైన పని చేశాయి. మందులకు లొంగని కోలిని, లొంగే షిగెల్లాను ఒకే పాత్రలో కలిపి పెంచారు. షిగెల్లా నాలుగు మందులనూ ఎదిరించే శక్తిని ఒక్కసారిగా పొందినది! కోలి పెరిగిన ద్రవాన్ని వడగట్టి, జీవులు లేకుండా చేసి పోస్తే ఏ ఫలితమూ లేదు. రెండు జీవులూ ఒకదానినొకటి తాకవలసినదే. ఆ స్పర్శలో దాటిపోయేది ఉంగరంవలె చుట్టుకొన్న చిన్న డి.ఎన్.ఎ. తునక, దానినే నేడు ప్లాస్మిడ్ అంటున్నారు. ఎదిరించే జన్యువులు నాలుగూ దానిపై ఒకే మూటగా ఉంటాయి.

జపాను భాషలో అచ్చయిన ఈ ఫలితాలు బయటి దేశాలకు చాలవరకు తెలియలేదు. 1963లో త్సుతోము వతనాబె ఇంగ్లీషులో వ్రాసిన సమీక్షతో అవి లోకానికెక్కాయి. అంతకు ముందు సంవత్సరమే లండనులో నయోమి దత్తా, ఒక ఆసుపత్రిలో ప్రబలిన సాల్మొనెల్లాలో ఇటువంటి బదిలీనే చూపినది.

ఆమెకు మరొక సందేహం మిగిలినది. ఈ ప్లాస్మిడ్లు మందుల రాకతో పుట్టాయా? మర్రే అనే శాస్త్రజ్ఞుడు 1917 నుండి 1954 వరకు సేకరించి భద్రపరచిన బాక్టీరియాలను ఆమె, హ్యూజ్‌తో కలిసి పరీక్షించి, 1983లో ఫలితం ప్రకటించినది. వాటిలో దాదాపు ఐదవ వంతు, ఒక జీవి నుండి మరొక జీవికి దాటగల ప్లాస్మిడ్లను మోస్తున్నాయి. కాని ఆ ప్లాస్మిడ్లపై మందులను ఎదిరించే జన్యువు ఒక్కటీ లేదు. బండి ముందే ఉన్నది. సరుకు తరువాత ఎక్కినది.