అఖ్బార్ దఫ్తర్‌లో పుట్టిన అడ్మిన్

జాంగో అనగానే సాఫ్ట్‌వేర్ వాళ్లకు పైథాన్ గుర్తొస్తుంది. నాలాంటి సహాఫీకి మాత్రం ఒక చిన్న ఊరి అఖ్బార్ గుర్తు రావాలి. ఈ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఏ కంపెనీ ల్యాబ్‌లోనో పుట్టలేదు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే పట్నం ఉంది. అక్కడి 'లారెన్స్ జర్నల్-వరల్డ్' పత్రిక దఫ్తర్‌లో పుట్టింది. 2003లో అడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ అనే ఇద్దరు అక్కడ పీహెచ్‌పీని వదిలి పైథాన్ పట్టుకున్నారు. విల్లిసన్ అప్పుడు ఇంగ్లండ్ నుంచి ఏడాదిపాటు పని నేర్చుకోవడానికి వచ్చిన తాలిబే ఇల్మ్. తర్వాత జేకబ్ కాప్లన్-మాస్ వచ్చి చేరాడు. 2005 జులైలో అందరికీ ముఫ్త్‌గా విడుదల చేశారు. పేరు గిటార్ ఉస్తాద్ జాంగో రైన్‌హార్ట్‌ది. మంటల్లో చెయ్యి కాలి రెండు వేళ్లు దెబ్బతిన్నా వాయించడం మానని రోమా మనిషి ఆయన.

ఈ కహానీ ఎవరూ దాచిపెట్టలేదు. కానీ అడ్మిన్ పేజీ మొరాయించినప్పుడు, కోడ్ రాసే పిల్లలు తల పట్టుకుని కూర్చున్నప్పుడు ఎవరికీ యాదికి రాదు. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర రెండూ. జాంగో అడ్మిన్‌తో వచ్చే పరేషానీల్లో చాలావాటికి తారీఖే జవాబు చెబుతుందని నా ఖయాల్.

ఆ దఫ్తర్‌ని ఒకసారి ఊహించుకోండి. ఎడిటర్ పొద్దున వచ్చి రేపటికల్లా ఎన్నికల పేజీ కావాలంటాడు. ప్రోగ్రామర్ టేబుళ్లు కడతాడు సరే, వాటిలో సమాచారం ఎక్కించేదెవరు? డేటాబేస్ భాష రాని రిపోర్టర్లు, డెస్క్ వాళ్లు. ప్రతిసారీ వాళ్లకోసం వేరే ఫారాలు రాస్తూ కూర్చుంటే డెడ్‌లైన్ దాటిపోతుంది. అందుకే మోడల్‌ని, అంటే టేబుల్ నఖ్షాని చదివి ఫారాలను, జాబితాలను తనంతట తానే తయారుచేసుకునే యంత్రం కట్టారు. అదే అడ్మిన్. దాని రూపురేఖలు విల్సన్ మైనర్ గీశాడు. నీలం పట్టీ మీద పసుపు అక్షరాల ఆ ముఖం 2015 చివర్లో 1.9 వచ్చేదాకా పెద్దగా మారలేదు. ప్రతి రికార్డుకీ 'హిస్టరీ' అనే మీట పెట్టారు చూడండి, దాన్ని నొక్కితే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెబుతుంది. హెడ్డింగ్ ఎవరు మార్చారన్న ఝగ్డా తెలిసిన వాళ్లకే తట్టే ఆలోచన అది.

ఈ యంత్రం ఒక భరోసా మీద నిలబడింది. లోపలికొచ్చిన వాళ్లంతా మనవాళ్లే. అందుకే అందులో ఇజాజత్‌లు మూడే: చేర్చడం, మార్చడం, తీసేయడం. 'చూడనిస్తాను గానీ ముట్టనివ్వను' అనే నాలుగో ఇజాజత్ 2018 ఆగస్టులో 2.1తో గానీ రాలేదు. పదమూడేళ్లు! ఈలోగా లెక్కల మనిషికి జాబితా చూపించాలంటే మార్చే హక్కు కూడా ఇవ్వాల్సి వచ్చేది. లేదంటే గడులన్నిటికీ తాళం వేస్తూ కూర్చోవాలి. ఒక న్యూస్‌రూమ్‌లో అందరూ అందరికీ తెలుసు. బ్యాంకులోనో ఆసుపత్రిలోనో అలా కుదరదు. ఇప్పటికీ రిపోర్టర్‌కి తన వార్తలు మాత్రమే కనపడాలంటే అడ్మిన్ తనంతట తాను చెయ్యదు. మోడల్‌అడ్మిన్‌లో గెట్ క్వెరీసెట్‌ని మనమే తిరగరాసుకోవాలి.

ఆ మోడల్‌అడ్మిన్ వెనుకా కథ ఉంది. మొదట్లో అడ్మిన్ ఎలా కనపడాలో మోడల్ కడుపులోనే 'క్లాస్ అడ్మిన్' అని రాసేవాళ్లు. ఇంటి నఖ్షాలోనే కర్టెన్ల రంగు రాసినట్టు. 2008 సెప్టెంబర్‌లో వచ్చిన 1.0 నాటికి దాన్ని విడదీసి వేరే ఫైల్‌లో పెట్టారు. అడ్మిన్‌ను మన ఇష్టానికి మలుచుకోవడం అసలు అప్పుడే మొదలైందనాలి. ఏ పాత పాఠంలోనైనా మోడల్ లోపల 'క్లాస్ అడ్మిన్' కనపడితే పక్కన పెట్టండి, అది 1.0కి ముందుది.

డ్రాప్‌డౌన్ సంగతీ అంతే. వార్త రాసిందెవరో ఎంచుకోవడానికి అడ్మిన్ పేర్లన్నీ ఒక్క పెట్టెలో కుమ్మరిస్తుంది. చిన్న పత్రికలో ఉండే మనుషులకు అది చాలు. అదే లక్ష మంది చందాదారులైతే పేజీ తెరుచుకోకుండా నీలుగుతుంది. దీనికి రా ఐడీ ఫీల్డ్స్ అనే మోటు ఇలాజ్ పాతదే. వెతుక్కునే ఆటోకంప్లీట్ 2017 డిసెంబర్‌లో 2.0తో వచ్చింది.

ఇక భాష దగ్గరికొద్దాం. నాకు అసలు దిల్చస్పీ ఇక్కడే.

బహువచనం కావాలంటే అడ్మిన్ పేరు చివర ఇంగ్లీషు 'ఎస్' అతికిస్తుంది. మోడల్‌కి 'వార్త' అని పేరు పెట్టండి, పక్కనే ఆ ఎస్ తోకలా వేలాడుతుంది. 'ఖబర్' అని పెట్టినా అదే గతి. కానీ ఖబర్‌కి బహువచనం అఖ్బార్! మాట లోపల అచ్చులు మారతాయే గానీ చివర ఏమీ అతకదు. పత్రిక అనే మాటకే పుట్టిల్లు ఆ బహువచనం. పత్రికవాళ్లు కట్టిన యంత్రానికి ఆ మాట తెలియకపోవడం తమాషాగా ఉంటుంది నాకు. వెర్బోస్ నేమ్ ప్లూరల్ అనే చోట మనమే రాసివ్వాలి.

అసలు ముష్కిల్ స్లగ్‌ది. ఇదీ పత్రిక మాటే. అచ్చులో ఉన్న వార్తకు డెస్క్ పెట్టుకునే పొట్టి పేరు. జాంగో దాన్ని వెబ్ చిరునామాకు వాడుకుంది. అడ్మిన్‌లో హెడ్డింగ్ కొడుతుంటే పక్క గడిలో స్లగ్ దానంతట అదే తయారవుతుంది, ఇంగ్లీషులోనైతే. తెలుగు హెడ్డింగ్ కొడితే మొదట్లో గడి ఖాళీగా మిగిలేది. 1.9లో 'అలౌ యూనికోడ్' అనే తలుపు తీశారు. మనవాళ్లు ఖుషీ అయ్యారు. తీరా చూస్తే 'హైదరాబాద్' కాస్తా 'హదరబద' అయి కూర్చుంది. 'తెలంగాణ' 'తలగణ' అయింది.

కారణం ఇది. యూనికోడ్ లెక్కలో తెలుగు గుణింతాలు, సున్న, పొల్లు అక్షరాలు కావు, అక్షరానికి తగిలించిన గుర్తులు. పైథాన్‌లో 'పదంలో ఉండదగిన అక్షరం' అనే పరీక్షలో అవి నెగ్గవు. స్లగ్ చేసే కోడ్ వాటిని ఊడ్చేస్తుంది. మనం చేత్తో సరిగ్గా కొట్టినా తనిఖీ చేసే కోడ్ ఒప్పుకోదు. ఉర్దూలో హైదరాబాద్ అని రాస్తే మాత్రం చెక్కుచెదరకుండా దాటిపోతుంది. ఎందుకంటే ఉర్దూలో జేర్, జబర్, పేష్ మామూలుగా రాయం, చదివేవాడి తెలివికి వదిలేస్తాం. రాసేవన్నీ పూర్తి హర్ఫ్‌లే. ఉర్దూ మీడియం బడిలో తప్పు చదివినప్పుడల్లా ఈ రాయని అచ్చుల మీదే మాకు చీవాట్లు. అవి రాయకపోవడమే ఇక్కడ ఉర్దూని కాపాడింది. ప్రతి అచ్చూ నిజాయితీగా రాసే తెలుగు దొరికిపోయింది.

దీనివల్ల నష్టపోయేది నామూస్ ఒక్కటే కాదు. గుణింతాలు రాలిపోతే 'కల', 'కాలు', 'కోల' మూడూ 'కల' అవుతాయి. రెండు వేర్వేరు వార్తలకు ఒకే స్లగ్ వస్తుంది. అది యూనీక్‌గా ఉండాలన్న షరతు పెట్టి ఉంటే అడ్మిన్ ఎర్రక్షరాలతో రెండోదాన్ని తిప్పి పంపుతుంది. డెస్క్ మీద రాత్రి పదకొండింటికి ఆ ఎర్రక్షరాలు చూసే సబ్ ఎడిటర్‌కి కారణం ఎవరు చెప్తారు?

ఇలాజ్‌లు రెండున్నాయి. స్లగ్ ఫీల్డ్ వదిలేసి మామూలు క్యారెక్టర్ ఫీల్డ్ పెట్టి, తెలుగు గుర్తులను ఒప్పుకునే తనిఖీ మనమే రాయడం ఒకటి. అప్పుడు చిరునామా దారిలో కూడా 'స్లగ్' బదులు 'స్ట్ర్' అని రాయాలి, ఎందుకంటే అక్కడి స్లగ్‌కి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గీతలు తప్ప పట్టవు. రెండోది, సేవ్ మోడల్‌లో రికార్డు నంబరుతోనే చిరునామా కట్టేయడం. నేనైతే రెండోదానికే ఓటేస్తాను. హెడ్డింగ్ రాత్రికి మూడుసార్లు మారుతుంది, నంబరు మారదు.

ఉర్దూకీ దాని కష్టాలు దానికున్నాయి. అడ్మిన్ భాషని ఉర్దూకి మారిస్తే పేజీ మొత్తం కుడి నుంచి ఎడమకు తిరుగుతుంది, దానికోసం వేరే స్టైల్ ఫైల్ జతచేసే ఇస్తారు. తెలుగు అడ్మిన్‌లో ఒకే ఒక్క ఉర్దూ గడి కావాలంటే మాత్రం అది ఎడమ నుంచే మొదలవుతుంది. ఆ గడి విడ్జెట్‌కి 'డిర్' అనే చోట 'ఆర్‌టీఎల్' అని రాయాలి. ఒక్క లైను పని.