గంజి కోసం కలిసినవారేనా?

నేను రాయగడలో పని చేసిన రోజుల్లో మా బ్రాంచి పక్క టీ కొట్టులో ఒక మాట తరచు వినబడేది. కొండ ఊళ్ల క్రైస్తవులు సంతకు దిగి వస్తే చాలు, "వీళ్లంతా గంజి కోసం కలిసినవాళ్లండీ" అని మన తెలుగువాళ్లలోనే ఎవరో ఒకరు నవ్వేవారు. నేనూ క్రైస్తవుణ్ణేనని, మా తాతగారిది సాలూరు సంఘమని గుర్తొచ్చి, "మీ సంగతి వేరు లెండి, ఆఫీసరుగారు" అని సర్దేవారు. ఆ నవ్వుకంటే ఈ సర్దుబాటే నన్ను ఎక్కువ బాధించింది. నెల జీతం ఉన్నవాడి భక్తికి సాక్ష్యం అక్కరలేదు కాబోలు.

ఈ కొండల్లోకి లూథరన్ క్రైస్తవం మన ఊళ్ల మీదుగానే ఎక్కింది. ఉత్తర జర్మనీలో ష్లెస్విగ్ ప్రాంతపు బ్రెక్లుమ్ అనే పల్లెలో క్రిస్టియన్ యెన్సెన్ అనే పాస్టరు 1876లో ఒక మిషను స్థాపించారు. అక్కడి నుంచి 1882లో ఎర్నెస్ట్ పోల్, హెర్మన్ బోత్మన్ అనే ఇద్దరు యువకులు వచ్చారు. బస్తరు వెళ్దామనుకున్నారు గాని అది కుదరక కొరాపుట్ వైపు తిరిగారు. సాలూరు, కొరాపుట్, జయపురం, కోటపాడు, నవరంగపురం, పార్వతీపురం, ఇలా ఒక్కొక్క చోట మిషను బంగళా లేచింది. అప్పుడివన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లాలోనివే. కొండ మీదంతా జయపురం మహారాజావారి ఎస్టేటు.

కొండ మీద ఎక్కువగా కలిసినవారు డోంబులు. నేత నేయడం, సంతల్లో బేరం, డప్పు వాయిద్యం వారి వృత్తులు. ఊరి బయట కాపురం. ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు ముందు వెతికేది వారి వాడనే. అటువంటివారికి మిషను బడి, హాస్టలు, మందుల సీసా, పోలీసు వచ్చిననాడు మాట సాయం చేసే దొర, ఇవన్నీ ఆకర్షణలే. గంజి మాట పూర్తిగా అబద్ధమని నేననను. కామర్సు చదివినవాణ్ణి, ఒకే ఒక్క ఉద్దేశంతో జరిగిన లావాదేవీని నా సర్వీసులో చూడలేదు. కాని ఖాతా ఎందుకు తెరిచారో చూసి ఖాతాదారుణ్ణి అంచనా వేయం. కష్టకాలంలో ఖాతా ఎలా నడిచిందో చూస్తాం.

ఆ కష్టకాలం 1914లో వచ్చింది. జర్మనీతో యుద్ధం రాగానే ఈ దొరలు శత్రుదేశస్తులయ్యారు. వారిని నిర్బంధించి, తరువాత స్వదేశానికి పంపేశారు. బ్రెక్లుమ్ డబ్బు ఆగిపోయింది. ఆంధ్రదేశంలోని అమెరికన్ లూథరన్ మిషనరీలు పైపై బాధ్యత తీసుకున్నా, వారికి వారి పనే బోలెడు. అడవి దారుల్లో సంఘాలను నిలబెట్టింది ఇక్కడి పాస్టర్లు, ఉపదేశులు, పెద్దలే. గంజి కోసమే వచ్చినవారు గంజి ఆగిననాడు వెళ్లిపోవాలి. వెళ్లినవారూ ఉండే ఉంటారు. అందరూ వెళ్లి ఉంటే మాత్రం 1928లో జయపురం ఎవాంజెలికల్ లూథరన్ సంఘం అని సొంత నియమావళితో ఒక సంఘం ఏర్పడేది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలోనూ జర్మన్లను నిర్బంధించారు. సంఘం నడుస్తూనే ఉంది. ఇప్పుడు దాని సభ్యులు లక్షకు పైమాటే.

ఇక్కడొక విచిత్రం చెప్పాలి. 1920లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగి ఉత్తర ష్లెస్విగ్ డెన్మార్కులో కలిసింది. ఆ ప్రాంతపు మిషను అభిమానులు డెన్మార్కు పౌరులైపోయారు. దాని ఫలితంగా మన తూర్పు భాగం, అంటే రాయగడ, గుణుపురం, బిస్సంకటక్ వైపు పని డేనిష్‌వారి చేతికి వచ్చింది. 1954లో డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ బిస్సంకటక్‌లో ప్రారంభించిన ఆసుపత్రి అలా వచ్చినదే. ఎక్కడో యూరపులో గీత గీస్తే ఇక్కడి సంఘం రెండు పాయలైంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి, కొరాపుట్ అటు, సాలూరు, పార్వతీపురం ఇటు అయినప్పుడు మరో గీత పడింది. ఆ గీత సంగతి మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

అసలు పరీక్ష 1950లో మొదలైంది. ఆ ఏటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. బాప్తిస్మం పొందిన కంధు, గదబ, పరజ గిరిజనులుగానే ఉంటారు. డోంబు మాత్రం బాప్తిస్మంతో స్కాలర్‌షిప్పు, రిజర్వేషను, రాయితీ రుణం అన్నీ వదులుకోవాలి. అదే ఘాటీ దిగి ఆంధ్రాలోకి వెళ్తే, షెడ్యూల్డు కులాల నుంచి వచ్చిన క్రైస్తవుడికి బీసీ 'సి' కింద ఒక శాతమైనా ఉంది. ప్రలోభంతో మతం మార్చడం నేరమని ఒడిశా 1967లో చట్టం చేసింది, 1977లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. లెక్క చూస్తే ఇక్కడ డోంబుకు ప్రలోభం చర్చిలోపల లేదు, బయట ఉంది.

కనుక కొందరు రెండు పేర్లు పెట్టుకున్నారు, ఒకటి సంఘం రిజిస్టరులో, ఒకటి తహసీల్దారు కాగితంలో. ఆదివారం మా ముందు బల్ల మీద కూర్చుని పాడే కుర్రాడు సోమవారం నా టేబులు ముందు రుణం దరఖాస్తుతో నిలబడ్డాడు. మతం గడిలో "హిందూ" అని ఉంది. నన్ను చూసి తల దించాడు. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. నేను సంతకం పెట్టాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. విశ్వాసం లేకుండా కేవలం రిజర్వేషను కోసం మతం మారడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు ఆ కుర్రాడే గుర్తొచ్చాడు. అక్కడ ఆమె మాటకంటే బాప్తిస్మం, చర్చి హాజరే కోర్టు వారికి ముఖ్యమయ్యాయి.

ఈ సంగతి గుణుపురం వైపు ఒక రిటైరైన ఉపదేశిగారితో అన్నాను. ఆయన శ్రీకాకుళం యాసలో, "ఆ కుర్రోడు దేవుడికాడ అబద్దమాడినాడా, సర్కారుకాడ ఆడినాడా? ఏటి బాబూ, ఆకలికి రెండు నాలికలుంటాయి" అన్నారు. ఆయన ముగ్గురు పిల్లలకూ ఆ కాగితం తీయలేదు. పెద్దవాడు కూలికి పోయాడు. "మరి మీరెందుకు తీయలేదండీ?" అంటే, "నా వల్ల అవలేదు బాబూ, అంతే" అన్నారు. కొడుకు ఆ విషయంలో ఆయన్ని ఇంకా క్షమించలేదని తరువాత తెలిసింది.

ఇక మన సంగతి. 1931లో రాయగడ మీదుగా రాయపూర్ రైలు పూర్తయ్యాక, తరువాత జేకేపూర్ కాగితం మిల్లు, తేరుబలి, సునాబెడ, దామంజోడి ఫ్యాక్టరీలు వచ్చాక మనవాళ్లు గుంపులుగా ఎక్కారు. అంతకు ముందే షావుకార్లు ఎక్కారు. వారి వడ్డీల నుంచి గిరిజనులను కాపాడడానికి 1917లోనే మద్రాసు ప్రభుత్వం ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. మనమంతా గంజి కోసం వచ్చినవాళ్లమే. టౌన్‌షిప్పుల్లో మా తెలుగు ఆరాధనలు బాగానే సాగుతాయి. క్రిస్మసుకు కొత్త బట్టలు, కమిటీ ఎన్నికలు, మైకు ఎవరిదన్న తగాదా. నేను క్రైస్తవుణ్ణి అయినందుకు నాకు ఇంక్రిమెంటు తగ్గలేదు. ప్రమోషను ఇంటర్వ్యూ గుడ్ ఫ్రైడే నాడు పెడితే వెళ్లాను కూడా.

నాలుగేళ్ల క్రితం బిస్సంకటక్ అవతల ఒక పల్లె సంఘం లెక్కలు చూడమంటే వెళ్లాను. రాబడి వైపు మొదటి పద్దు "పిడికెడు బియ్యం". ఆడవాళ్లు పూటపూటా వంటకు బియ్యం కడిగేముందు ఒక పిడికెడు తీసి కుండలో వేస్తారు. శనివారం తెచ్చి చర్చిలో కొలుస్తారు. ఇరవై ఆరు ఇళ్లు. రెండు ఇళ్ల పేర్ల ఎదురుగా మూడు వారాలు ఖాళీగా ఉంది. ఎందుకని అడిగాను. "ఆ మూడు వారాలు వాళ్లింట్లో బియ్యం లేవండి, మండియా జావ తాగారు" అన్నాడు కోశాధికారి. నాలుగో వారం ఎదురుగా ఆ రెండిళ్లవారూ రెట్టింపు పోశారు. దాన్ని ఏ హెడ్డు కింద చూపించాలో నాకు తోచక "బకాయి వసూలు" అని రాశాను. కోశాధికారి అది చదివి, "బకాయి కాదండి, మేం అడగలేదు" అన్నాడు. కొట్టేసి, తేదీ వేసి, పక్కన సంతకం పెట్టాను.