తాళంచెవి ఎవరి దగ్గరుండాలి?

తాళం అనగానే మనకు దొంగలు గుర్తుకొస్తారు. కానీ కొన్ని తాళాలు ఇంట్లోవాళ్ళ కోసమే పుట్టాయి. చదువు చెడగొట్టే ఫోన్ యాప్‌లను ఆపడానికి ఇప్పుడు వస్తున్న పరికరాలు కూడా ఆ జాతివే. వాటిలో ఏది మంచిదో తేల్చుకోవాలంటే రెండు పాత తాళాల చరిత్ర తెలుసుకోవాలి.

మొదటిది టెలిఫోన్ తాళం. మన దేశంలో 1960లో కాన్పూర్, లక్నోల మధ్య ఎస్టీడీ మొదలైంది. అంటే ఆపరేటర్‌ను అడగకుండానే దూరపు ఊరికి నంబరు తిప్పి మాట్లాడొచ్చు. తరువాత ఈ సౌకర్యం ఊరూరికీ వచ్చింది, దాంతోపాటు బిల్లు భయమూ వచ్చింది. అందుకే ఆఫీసుల్లో, ఇళ్ళల్లో డయల్ రంధ్రానికి చిన్న తాళం వేసేవాళ్ళు. బయటినుంచి వచ్చే కాల్ మాట్లాడొచ్చు, మనం మాత్రం నంబరు తిప్పలేం. అవసరమైనదాన్ని వదిలి, ఖర్చయ్యేదాన్ని మాత్రమే ఆపడం అందులోని తెలివి.

అయితే దానికీ ఒక సందు ఉంది. డయల్ తిరిగినప్పుడు లోపల జరిగేది లైను తెగి కలవడమే. 3 తిప్పితే మూడుసార్లు, 0 తిప్పితే పదిసార్లు తెగుతుంది. రిసీవర్ పెట్టే మీటను అన్నిసార్లు టకటకా నొక్కితే తాళం ఉన్నా నంబరు కలిసేది!

రెండోది బ్యాంకు తాళం. అమెరికాలో దొంగలు రాత్రిపూట బ్యాంకు అధికారి ఇంటికే పోయి, ఆయన్ను బెదిరించి ఖజానా తెరిపించేవాళ్ళు. రోచెస్టర్‌కు చెందిన జేమ్స్ సార్జెంట్ 1873లో గడియారంతో నడిచే తాళం తయారుచేశాడు. 1874లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని మోరిసన్ బ్యాంకులో దాన్ని బిగించారు. పెట్టిన సమయం అయ్యేదాకా అధికారి కూడా తెరవలేడు. కాబట్టి ఆయన్ను బెదిరించి లాభం లేదు. గడియారం ఆగిపోతే ఎట్లా అని తరువాత ఒకే తాళంలో రెండు, మూడు గడియారాలు పెట్టారు.

ఇప్పటి పరికరాలూ ఈ రెండు దారుల్లోనే నడుస్తున్నాయి. బ్రిక్ అనే చిన్న దిమ్మెకు ఫోన్ తాకిస్తే మనం ఎంచుకున్న యాప్‌లు మాత్రమే మూతపడతాయి, కాల్స్ వస్తాయి. మళ్ళీ దానికి తాకిస్తే తెరుచుకుంటాయి. ఇది టెలిఫోన్ తాళానికి మనవడు. టైమర్ ఉన్న డబ్బాలో ఫోన్ పెడితే సమయం అయ్యేదాకా మూత రాదు. ఇది సార్జెంట్ తాళానికి మనవడు.

ఈ ఏడాది నాకు పదో తరగతి పరీక్షలు. మా ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే, అన్నా నేనూ వాడతాం. మా హోసూరు అంగళ్ళలో తెలుగు మీడియం గైడ్లు దొరకడం కష్టం. సార్ పంపే నోట్సు ఆ ఫోన్‌కే వస్తుంది. కాబట్టి ఫోనే వద్దు అనడానికి లేదు. తాకించే పరికరానికి ఎన్‌ఎఫ్‌సి ఉన్న ఫోన్ కావాలి, మాదాంట్లో అది లేదు. టైమర్ డబ్బా అయితే మధ్యలో నిజంగా అవసరం వచ్చినా తెరవదు.

చివరికి మామూలు రేకు పెట్టె, మామూలు తాళం చాలనుకున్నాం. "చెవి నా దగ్గర పెట్టుకుంటా" అన్నాడు అన్న. "అట్లయితే తాళమెందుకన్నా?" అన్నాను. చెవి పక్కవీధిలో ఉండే అవ్వకు ఇచ్చాం. సాయంత్రం ఏడు లోపల నోట్సు పుస్తకంలో ఎక్కించుకోవాలి, ఏడు నుంచి పది దాకా ఫోన్ పెట్టెలో ఉంటుంది. కాల్స్‌కు నాయన బటన్ ఫోన్ ఉంది.

"అడిగినా ఇయ్యను, అలిగినా ఇయ్యను" అంది అవ్వ. గడియారం కూడా ఇంతే గట్టిగా ఉంటుంది. కానీ పరీక్ష టైంటేబుల్ మారిందని సార్ ఫోన్ చేస్తే, గడియారం వినదు, అవ్వ వింటుంది. తాళం ఎంత గట్టిదో చూసే ముందు చెవి ఎవరి చేతిలో ఉందో చూడాలని ఈ చరిత్ర వల్ల నాకు తెలిసింది.