ప్రాసెస్ మ్యాపింగ్

ఒక పని మొదలైన చోటు నుంచి పూర్తయ్యే దాకా ఏయే విభాగాల గుండా, ఎవరెవరి చేతుల మీదుగా నడుస్తుందో గీసి చూసుకునే పద్ధతిని ప్రాసెస్ మ్యాపింగ్ అంటారు. ఫ్యాక్టరీల్లో పుట్టి ఆసుపత్రులకూ, సాఫ్ట్‌వేర్ కంపెనీలకూ, సర్కారు ఆఫీసులకూ పాకింది.

తాపీపనితో జీవితం మొదలుపెట్టిన అమెరికన్ ఇంజనీరు ఫ్రాంక్ గిల్‌బ్రెత్, ఆయన భార్య లిలియన్ 1921లో అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు ప్రాసెస్ చార్టులను ఉంచారు. ఆ సంఘం 1947లో ఐదు గుర్తులను ఖాయం చేసింది. చేసే పనికి వృత్తం, తరలింపుకు బాణం, తనిఖీకి చతురస్రం, నిల్వకు త్రిభుజం, ఆగిపోయి ఉండటానికి ఇంగ్లిషు ‘డి’ అక్షరం. పని జరగకపోవడానికి కూడా ఒక గుర్తు కేటాయించడమే ఇందులోని అసలు తెలివి.

విభాగానికో వరుస చొప్పున గీసే ‘స్విమ్‌లేన్’ పటానికి రమ్లర్, బ్రేచ్‌లు 1990లో వెలువరించిన పుస్తకంతో ప్రచారం వచ్చింది. గీత ఒక వరుస దాటి ఇంకో వరుసలోకి వెళ్లే చోటే పని చేతులు మారుతుంది. ఆలస్యాలు ఎక్కువగా దొరికేదీ అక్కడే.

సరఫరాదారు బిల్లు సంగతే చూడండి. పర్చేజ్ వాళ్లు ఆర్డరిస్తారు. స్టోర్స్ వాళ్లు సరుకు దించుకుని రసీదు రాస్తారు. క్వాలిటీ వాళ్లు పరీక్షిస్తారు, అకౌంట్స్ వాళ్లు డబ్బు చెల్లిస్తారు. ఎవరిని అడిగినా ‘మా దగ్గర పెండింగేమీ లేదు’ అంటారు. అబద్ధమేమీ కాదు. రసీదు మీద ఆర్డరు నంబరు లేకపోయినా స్టోర్స్‌కు పని ఆగదు, అది లేనిదే అకౌంట్స్‌కు పని సాగదు. సరఫరాదారు నాలుగుసార్లు ఫోన్ చేసేదాకా బిల్లు ట్రేలోనే ఉంటుంది. అందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి దారి గీయిస్తే ఇది బయటపడుతుంది. రసీదు ఫారంలో ఆ నంబరుకో గడి పెట్టి, నింపనిదే సరుకు దించొద్దంటే సరిపోతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు.

మేనేజర్లు మాత్రమే కూర్చుని గీస్తే రూల్సు పుస్తకంలో ఉన్న దారే కాగితం మీదికొస్తుంది. గుమాస్తా రోజూ తొక్కే అడ్డదారి అందులో ఉండదు. ‘తప్పెవరిది’ అన్న మాట వచ్చిందా, ఆ గుమాస్తా ఇక నోరు విప్పడు. ఇలాంటి పటాలు గీయడానికి 2004లో తొలి రూపం వెలువడిన బీపీఎంఎన్ అనే ప్రామాణిక గుర్తులు కంప్యూటర్ వాళ్లకు బాగా పనికొస్తాయి గానీ, అందరూ కూర్చుని గీసే సమావేశంలో రంగు చీటీలూ స్కెచ్ పెన్నులే మేలు.

పటం ఎక్కడి నుంచి మొదలుపెట్టామన్నదీ ముఖ్యమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో మొదలైన ‘కార్డ్’ పథకం ఆస్తుల రిజిస్ట్రేషన్ పని దారిని మార్చింది. దస్తావేజులను పుస్తకాల్లోకి చేత్తో ఎత్తి రాసే బదులు స్కాన్ చేశారు, మార్కెట్ విలువ లెక్కను కంప్యూటర్‌కు అప్పగించారు. రోజులు పట్టే పని గంటల్లోకి వచ్చింది. దళారులు మాత్రం పోలేదని తరువాతి పరిశీలకులు రాశారు. మారింది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు లోపలి దారి. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ముందుగా వెళ్లేది బయట డాక్యుమెంట్ రైటరు బల్ల దగ్గరికి.