చైనా కుర్చీ: ఐక్యరాజ్యసమితిలో ఇరవై రెండేళ్ల పంచాయితీ

1945లో ఐక్యరాజ్యసమితి పుట్టినప్పుడు భద్రతామండలి శాశ్వత సభ్యుల జాబితాలో రాసుకున్న పేరు 'చైనా రిపబ్లిక్'. 1949 అక్టోబరు 1న మావో బీజింగ్‌లో కొత్త ప్రభుత్వాన్ని ప్రకటించాడు. ఓడిన చాంగ్ కై షేక్ తైవాన్ చేరినా, న్యూయార్క్‌లో కుర్చీ మాత్రం ఆయన మనుషుల చేతిలోనే ఉండిపోయింది.

దాన్ని బీజింగ్‌కు ఇవ్వాలని 1950 సెప్టెంబరులో తీర్మానం పెట్టింది భారతదేశమే. అనుకూలం 16, వ్యతిరేకం 33. ఆపైన పదేళ్లు అమెరికా అసలు చర్చకే రానివ్వలేదు. వలసపాలన వదిలిన ఆఫ్రికా దేశాలు సభలో చేరేసరికి ఆ ఎత్తు పారడం కష్టమైంది. 1961లో కొత్త ఎత్తు వేసింది: ఇది 'ముఖ్యమైన ప్రశ్న' కాబట్టి మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. తమాషా ఏమిటంటే, ప్రశ్న ముఖ్యమా కాదా అన్నది తేల్చడానికి మాత్రం మామూలు మెజారిటీ చాలు. తర్వాత పోరంతా ఈ మెలిక చుట్టూనే.

బీజింగ్‌ను సమర్థించడంపై భారత్‌లోనూ ఏకాభిప్రాయం లేదు. 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు గెలిచిన నిడుబ్రోలు రైతు నాయకుడు ఎన్.జి.రంగా, కాంగ్రెస్‌ను వీడి స్వతంత్ర పార్టీ అధ్యక్షుడై నెహ్రూ చైనా విధానాన్ని ఎండగట్టారు. అయినా 1962 చివర్లో చైనాతో సరిహద్దులో యుద్ధం నడుస్తుండగానే భారత్ సమితిలో బీజింగ్ వైపే ఓటేసింది.

1970లో బీజింగ్‌కు 51 ఓట్లు, ఎదురు 49. మెజారిటీ వచ్చింది, కుర్చీ రాలేదు. మరుసటి ఏడాది అసలు కథ తెర వెనుక నడిచింది. జులైలో అమెరికా జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా బీజింగ్ వెళ్లొచ్చాడు. రెండు చైనాలకూ చోటివ్వాలంటూ అమెరికా రాయబారి జార్జ్ బుష్ ఒక్కో దేశాన్నీ బతిమాలుతున్నాడు. కానీ అమెరికా అధ్యక్షుడు నిక్సనే బీజింగ్ వెళతానని ప్రకటించాక, తైవాన్ కోసం మొహమాటపడాల్సిన అవసరం ఎవరికి ఉంటుంది? బ్రిటన్ సైతం 'ముఖ్యమైన ప్రశ్న'కు మద్దతు మానుకుంది. ఓటింగ్ వేళకు కిసింజర్ మళ్లీ బీజింగ్‌లోనే ఉన్నాడు. బుష్ కాళ్ల కింద నేల తవ్వింది సొంత ప్రభుత్వమే.

అక్టోబరు 25 రాత్రి అమెరికా ఎత్తు 55–59తో వీగిపోయింది. 15 దేశాలు తటస్థం. టాంజానియా ప్రతినిధి సలీం అహ్మద్ సలీం వంటివారు సభలోనే చిందులేశారు. తైవాన్ బృందం అసలు ఓటింగ్‌కు ముందే లేచి వెళ్లిపోయింది. కుర్చీని బీజింగ్‌కు ఇవ్వాలన్న అల్బేనియా తదితరుల తీర్మానం 76–35తో నెగ్గింది. అనుకూలంగా ఓటేసినవారిలో భారత్ ఉంది.

అలా దక్కిన కుర్చీలో కూర్చుని బీజింగ్ వాడిన తొలి వీటో 1972 ఆగస్టు 25న, భారత్ అండతో ఏర్పడిన బంగ్లాదేశ్‌కు సభ్యత్వం రాకుండా వేసింది.