నిండు నెలల లెక్క

మా బాపమ్మకి ఏడు కాన్పులు. ఏడూ బోధన్ పక్కన పల్లెలో, ఇంట్లోనే. "ఏ నెలలో ఏ డాక్టర్‌కి చూపించుకునేదానివి?" అని పోయినేడాది ఫోన్లో అడిగితే నవ్వింది. "దవాఖానా ఏడిది బిడ్డా అప్పట్ల? మంత్రసాని చెయ్యి పెట్టి చూస్తుండె. ఇంక పదిదినాలున్నదంటే పదిదినాలే." నవ్వు ఆగాక, ఏడుగురిలో నలుగురే దక్కారని కూడా చెప్పింది. రెండు మాటలూ ఒకే గొంతుతో చెప్పింది.

ఊరికే అడగలేదు నేను. అప్పుడు మా ఆవిడకి ఎనిమిదో నెల. తొలిచూలు కాబట్టి పురిటికి నిజామాబాద్‌లో పుట్టింటికి వెళ్ళింది. నేను హైదరాబాద్‌లో. అక్కడ చూపించుకుంటున్న ఆసుపత్రిలో (పేరు అనవసరం) ఒకరోజు చాలా మామూలుగా అన్నారట: "38 వారాలు దాటాక ఎప్పుడైనా చేసేద్దాం, మంచిరోజు చూసుకుని చెప్పండి." తల్లీబిడ్డా బాగానే ఉన్నారు. ఆపరేషన్‌కి కారణమేదీ ఫైల్లో లేదు.

నాకు కోపం రావాలి కదా? రాలేదు. ముందు హాయిగా అనిపించింది. ఆ నెలాఖరుకి ఆఫీసులో పెద్ద రిలీజ్ ఉంది. డేట్ తెలిస్తే సెలవు పెట్టుకోవచ్చు. క్యాలెండర్ తెరిచాను కూడా. మా మామగారు పంతులుగారికి ఫోన్ చేశారు. ఇద్దరం చేసింది ఒకటే పని, ఆయన పంచాంగంలో, నేను ఔట్‌లుక్‌లో.

బాపమ్మతో మాట్లాడింది ఆ రాత్రే. గర్భిణిని నెలనెలా చూడటం, రాసుకోవడం, తేదీ కట్టడం ఎప్పటినుంచి మొదలైంది, మా ఊళ్ళదాకా ఎలా వచ్చింది అని వెతకడం కూడా అప్పుడే మొదలుపెట్టాను.

*

ముందు మాటల సంగతి. నెల తప్పింది, నీళ్ళోసుకుంది, వేవిళ్ళు, తొలిచూలు, నిండు నెలలు, పురుడు, నీళ్ళాడటం. ఇన్ని మాటలున్న భాషలో గర్భాన్ని గమనించడం లేదనుకోవడం పొరపాటు. కాకపోతే ఆ గమనింపు అంతా ఆడవాళ్ళ చేతుల్లో, జ్ఞాపకంలో ఉండేది. మంత్రసాని రాసుకోదు. ఆమెకి తెలిసింది ఆమెతో పోతుంది. ఆమె చేసిన తప్పూ అంతే, ఎక్కడా నమోదు కాదు.

ఆ తప్పులు చిన్నవి కావు. శుభ్రంగా లేని కత్తితో బొడ్డు కోస్తే బిడ్డకి ధనుర్వాతం. మాయ పడకపోతే, రక్తం ఆగకపోతే చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. 1946లో భోర్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం బ్రిటిష్ ఇండియాలో వెయ్యి కాన్పులకి 20 మంది తల్లులు, అంటే ఏటా సుమారు 2 లక్షల మంది చనిపోయేవాళ్ళు. మా బాపమ్మ తరం ఆ అంకెలోంచి బతికి బయటపడ్డది. అందుకే మంత్రసానిని తలుచుకుని మురిసిపోవడం నావల్ల కాదు.

*

నిజామాబాద్‌కి ఆ పేరు 1905లో వచ్చింది. అంతకుముందు ఇందూరు. అప్పటికే రైలు వచ్చింది, హైదరాబాద్ దగ్గరైంది. ఆ మరుసటి ఏడు, 1906లో, హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసం విక్టోరియా జనానా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. కానీ నొప్పులు రైలు టైం చూసుకుని రావు కదా.

1907లో స్కాట్లాండ్ నుంచి ఇసబెల్ కెర్ అనే డాక్టరు, భర్త జార్జ్ కెర్‌తో కలిసి హైదరాబాద్ సంస్థానానికి వచ్చింది. వాళ్ళ పని నిజామాబాద్‌లో మొదలైంది. రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి తెరుచుకుంది. ప్రపంచ వైద్య చరిత్రలో మా జిల్లా పేరు ఎక్కింది దానివల్లే.

దీన్ని గురించి చాలాసేపు ఆలోచించాను. కుష్ఠు కనిపించే జబ్బు. రోగి రోడ్డు మీద ఉంటాడు. చూసినవాడికి జాలో భయమో కలుగుతుంది, దాత ముందుకొస్తాడు. పురిటి చావు మాత్రం ఇంటి లోపలి గదిలో జరుగుతుంది. నాలుగురోజుల ఏడుపు, తర్వాత మళ్ళీ పెళ్ళి. గర్భం జబ్బు కాదు కాబట్టి దానికి ఆసుపత్రెందుకన్న ఆలోచన ఇందూరులోనే కాదు, అన్నిచోట్లా ఉండేది.

ఆ ఆలోచనని మార్చినవాళ్ళలో ఒకాయన కూడా స్కాట్లాండ్‌వాడే. ఎడిన్‌బరా డాక్టరు జె.డబ్ల్యు. బాలంటైన్ 1901లో, కాన్పుకి ముందే గర్భిణిని ఆసుపత్రిలో ఉంచి చూడాలని వాదించాడు. అలా ఒక్క మంచంతో మొదలైంది. తర్వాత 1929లో బ్రిటన్ ఆరోగ్యశాఖ ఒక షెడ్యూల్ ఇచ్చింది: 16వ వారంలో మొదటి పరీక్ష, తర్వాత 24, 28 వారాల్లో, అక్కణ్ణుంచి 36 వరకు రెండువారాలకోసారి, ఆపైన వారంవారం. డెబ్భై ఏళ్ళకు పైగా ప్రపంచమంతా దాదాపు ఇదే వాడింది. ఎందుకు 24, ఎందుకు 28 అనడానికి గట్టి పరీక్షలేవీ జరగలేదు. ఎవరో ఒకసారి రాసిన కోడ్, పనిచేస్తోంది కదా అని ఎవరూ ముట్టుకోలేదు. మా వృత్తిలో ఇది రోజూ చూసేదే. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగు పరీక్షలు చాలంది, 2016లో ఎనిమిది కావాలంది.

ప్రసవం తేదీ కట్టే లెక్క ఇంకా పాతది. ఆఖరి నెలసరి మొదటిరోజు నుంచి 280 రోజులు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో జర్మనీ డాక్టర్ నేగెలె పేరు మీద స్థిరపడింది. సరిగ్గా ఆ తేదీన పుట్టేది నూటికి నలుగురైదుగురే. అంటే ఫైలు పైన ఎర్ర ఇంకుతో రాసే ఆ తేదీ డెడ్‌లైన్ కాదు, ఒక అంచనా. ఈ తేడా నాకు ముప్ఫై దాటాక తెలిసింది.

*

ఇక బోధన్. మంజీర మీద నిజాంసాగర్ 1931కి పూర్తయింది. నీళ్ళు వచ్చాయి, చెరకు వచ్చింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని మా నాన్నవాళ్ళు ఇప్పటికీ గర్వంగా చెప్తారు. ఫ్యాక్టరీ అంటే జీతం, క్వార్టర్, బడి, దవాఖాన. పర్మనెంటు ఉద్యోగి భార్యకీ, అదే చెరకు నరికే కూలీ మనిషికీ కాన్పు ఒకేలా జరగలేదు.

దీనికి చట్టంలోనే ఒక మూల ఉంది. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం కార్మికురాలికి ప్రసూతి భత్యం ఇచ్చేది. కానీ ఆ చట్టం సీజనల్ ఫ్యాక్టరీలకి వర్తించేది కాదు. సీజనల్ అంటే ఏవేవో చట్టమే జాబితా ఇచ్చింది. అందులో చక్కెర, బెల్లం పేరుపెట్టి ఉండేవి. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం ఫ్యాక్టరీలకి వర్తించేది, కానీ చెరకు తోట ఫ్యాక్టరీ కాదు. గానుగ ఆడేది కొన్ని నెలలే, నిజమే. గర్భం మాత్రం సీజన్ చూసుకుని రాదు.

2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబర్‌లో మూతపడింది.

మగవాళ్ళు గల్ఫ్ దారి పట్టిన ఈ జిల్లాలో ఇల్లు నిలిపింది చాలావరకు బీడీలు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి. 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చింది, ప్రసూతి హక్కు అందులోనూ రాసి ఉండేది. కానీ పని జరిగేది ఇంటి అరుగు మీద, కూలి వెయ్యి బీడీలకింత. కార్డు ఉన్నావిడకి ఒక లెక్క, ఆమె కార్డు మీద చుట్టే కోడలికి ఇంకో లెక్క. "రెస్ట్ తీసుకోండి" అని కాగితం మీద రాయడం తేలిక. నిండు నెలల్లో పొట్ట మీద చేట పెట్టుకుని తంబాకు దుమ్ములో కూర్చున్న మనిషికి ఆ మాట ఏ భాషలో చెప్పాలి?

*

నీలం ఫైల్లో మా ఆవిడకి బాగా నచ్చింది స్కాన్ బొమ్మ. దాని కథ కూడా స్కాట్లాండ్‌దే. లోహంలో పగుళ్ళు వెతికే యంత్రాన్ని గ్లాస్గో డాక్టరు ఇయాన్ డొనాల్డ్, టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజనీరు సాయంతో మనిషి పొట్ట మీదికి తెచ్చాడు. 1958లో వాళ్ళ వ్యాసం లాన్సెట్‌లో వచ్చింది. మొదటిసారి లోపలి బిడ్డ సాక్ష్యం తల్లి నోటితో పని లేకుండా దొరికింది. మంచికీ చెడుకీ కూడా. 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టం తేవాల్సి వచ్చింది. ఇప్పుడు ఖలీల్‌వాడీలో ఏ స్కానింగ్ సెంటర్‌కి వెళ్ళినా గోడ మీద ఆ బోర్డు ఉంటుంది. 2022 నవంబర్‌లో రాష్ట్రంలో 44 సర్కారు ఆసుపత్రులకి 56 టిఫా యంత్రాలిచ్చారు. కూలి మనిషికీ ఐదో నెలలో బిడ్డ గుండె గదులు చూపించే వీలొచ్చింది. ఇది చిన్న విషయం కాదు.

గత ఇరవై ఏళ్ళలో జరిగిన మంచిని దాచకుండా చెప్పాలి. 2003లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పురిటి ధనుర్వాతం అదుపులోకొచ్చింది. 2005లో 108 మొదలైంది. 2015లో ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణికి పూట భోజనం, పాలు, గుడ్డు. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్: ఆడపిల్లైతే 13 వేలు, మగపిల్లాడైతే 12 వేలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో 2015-16కీ 2019-20కీ మధ్య సర్కారు దవాఖానల్లో కాన్పులు 30.5 శాతం నుంచి 49.7కి పెరిగాయి. తెలంగాణలో లక్ష కాన్పులకి తల్లుల మరణాలు 2014-16లో 81 ఉంటే, 2018-20కి 43.

అదే సర్వేలో ఇంకో రెండు అంకెలున్నాయి. 2019-20లో రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రిలో, 60.7 శాతం కోతతో. దేశం సగటు 21.5. మన ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5. రెండో అంకె: గర్భిణుల్లో 53.2 శాతం మందికి రక్తహీనత.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కథ అర్థమైంది. రక్తం పట్టడానికి నెలల తరబడి ఎవరో ఒకరు వెంట ఉండాలి. మాత్ర మింగిందా, కక్కిందా, తిన్నదా అడగాలి. నొప్పులు సాగుతుంటే గంటల తరబడి పక్కన కూర్చోవాలి. రెండూ ఓపికతో చేసే పనులే. మంత్రసాని దగ్గర ఉన్నది అదొక్కటే. తక్కినదంతా ఆమెకి లేదు, మనకి వచ్చింది. వచ్చేటప్పుడు అది జారిపోయింది. డాక్టర్లని తిట్టి లాభం లేదు, ఒక్కరే వందమందిని చూడాల్సినచోట ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈ సంగతి గ్రహించే 2017లో కరీంనగర్‌లో ఫెర్నాండెజ్ సంస్థతో కలిసి నర్సులకి మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. ఒక రకంగా అది చదువుకున్న మంత్రసానిని మళ్ళీ పిలవడం.

*

మేం ముహూర్తం పెట్టుకోలేదు. మా ఆవిడే ఒప్పుకోలేదు. "కారణం చెప్పమను, కడుపు కోయించుకుంటా. మీ లీవు కారణం కాదు," అంది. మా మామగారికి కోపమొచ్చింది. నేను రిలీజ్ ఇంకొకరికి అప్పగించి వచ్చేశాను.

39 వారాల నాలుగు రోజులకి నొప్పులు వాటంతటవే వచ్చాయి. పదకొండు గంటలు. చివర్లో బిడ్డ గుండె చప్పుడు పడిపోతోందన్నారు, ఇరవై నిమిషాల్లో పెద్దాపరేషన్ చేశారు. అవును, మేమూ ఆ అరవై శాతంలోనే ఉన్నాం. మా బాపమ్మ కాలమైతే ఆ పిల్ల దక్కేది కాదు. బహుశా మా ఆవిడ కూడా.

అందుకే నాకు కోత మీద కోపం లేదు. కారణం బిడ్డ చెప్పాక చేశారు, అంతే. ముందు రాసిపెట్టుకున్న తేదీకీ దీనికీ తేడా సర్వే అంకెల్లో కనపడదు. రెండూ ఒకే గడిలో పడతాయి.

మూడోరోజు బాపమ్మ వీడియో కాల్‌లో పిల్లని చూసింది. ఎంత సేపు నొప్పులు పడ్డదని అడిగింది. పదకొండు గంటలంటే, "పక్కకెవలున్నరు?" అంది.

నేనున్నానని చెప్పాను.