డప్పు - వెట్టి - వాద్యబృందం

సింఫనీ అనగానే మనవాళ్లకు యూరప్ గుర్తొస్తుంది. మొయినాబాద్, చేవెళ్ల దారిలోని ఊళ్లలోనూ తరతరాల వాద్యబృందం ఒకటుంది. దాన్ని ఆ పేరుతో పిలవడానికి మనకు మనసొప్పలేదు. నేను చెబుతున్నది మాదిగవాడ డప్పుల జట్టు గురించే.

వాయించబోయే ముందు గడ్డి మంట వేసి డప్పులను సెగకు తిప్పుతూ, వేలితో కొట్టి చూసుకునేవాళ్లు. అది శ్రుతి చేసుకోవడమేనని చాలా ఏళ్లకు గాని నాకు తట్టలేదు. కుడి చేతిలో లావుపాటి సిర్ర, ఎడమ చేతిలో సన్నని సిటికెన పుల్ల. సిర్ర దరువును మోస్తుంటే సిటికెన ఆ సందుల్లో పలుకుతుంది. ముందున్నవాడు దరువు మారిస్తే జట్టంతా అడుగుతో సహా మారుతుంది. బోనాలకు ఒక దరువు, పెండ్లికి ఒకటి, పీర్ల పండుగకు ఒకటి, చావుకు ఒకటి. పొలంలో ఉన్న మనిషికి ఊళ్లో ఏం జరిగిందో చెవులే చెప్పేవి.

కాని ఆ చేతులు ఏ షరతు మీద వాయించాయి? నిజాం కాలంలో ఇది అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా. దొర ఇంటి శుభకార్యానికి, చాటింపుకు డప్పు కొట్టడం వెట్టి. మొయినాబాద్ పక్కనున్న పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి 1936లో షాద్‌నగర్ ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు. 1978లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. వెట్టిని ఆంధ్ర మహాసభ ఖండించింది, నిజమే. చావుడప్పును ఒక కులానికి కట్టేసిన ముడి మాత్రం తీర్మానాలతో తెగలేదు.

యూరప్‌లోనూ సింఫనీ పుట్టింది స్వేచ్ఛలో కాదు. 1761లో ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో చేరిన హైడెన్ నౌకరు దుస్తుల్లోనే పనిచేశాడు. 1772లో ప్రభువు విడిది పొడిగిస్తూపోతే, ఇంటికి పోవాలనుకున్న వాద్యకారుల కోసం ఆయన ఒక సింఫనీ కట్టాడు. చివర ఒక్కొక్కరే దీపం ఆర్పి లేచిపోతారు. ప్రభువుకు సంగతి అర్థమైందంటారు. మన ఊళ్లో దరువు ఆపి లేచిపోయినవాడికి ఏం జరిగేదో పాఠకులకు చెప్పనక్కర్లేదు. దరువు బాగుందని రాసే జానపద పరిశోధకులు (నేనూ రాశాను) ఆ సంగతి దగ్గర గొంతు తగ్గిస్తారు.

1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా చాటింపు డప్పునే తన పేరుగా పెట్టుకుంది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం దాన్ని తెలంగాణ సభల వేదిక మీదికి ఎక్కించింది. ఇంకోవైపు, చావుకు కొట్టబోమని ఎన్నో వాడల్లో యువకులు తిరగబడ్డారు. కళ పోతుందని కొందరు బాధపడ్డారు. నాకా బాధ లేదు. కొట్టను అనగలిగినవాడు కొడితేనే అది వాద్యం.

ఈమధ్య మొయినాబాద్ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో ఒక జట్టును చూశాను. అందరికీ ఒకే రంగు చొక్కాలు, ముందే మాట్లాడుకున్న రేటు. తోలుకు బదులు ప్లాస్టిక్ పొర, మంటతో పని లేదు. శ్రుతి కాస్త గట్టిగా, ఒకే తీరుగా ఉంది. దరువు మారేచోట మాత్రం పెద్దవాడొకడు ముందుకొచ్చి సిర్ర ఎత్తాడు. పదిమంది అడుగూ ఒకేసారి మారింది.